రోగికీ నర్సుకూ నడుమ

మానసిక వైద్యశాల వరండాలో ఒక రోగి ఆగకుండా పచార్లు చేస్తున్నాడనుకొందాము. నర్సు ఏమి చేయాలి? కూర్చోమని చెప్పి, డాక్టరుకు కబురు పంపితే చాలునని చాలాకాలం భావించేవారు. "మీకు ఇప్పుడు ఆందోళనగా ఉన్నదా?" అని అడగాలన్నది హిల్డెగార్డ్ పెప్లౌ. రోగి తన బాధకు పేరు పెట్టగలిగితే, దానికి ముందు ఏమి జరిగిందో ఇద్దరూ కలిసి వెదకవచ్చును. ఆ సంభాషణే చికిత్సలో భాగమని ఆమె సిద్ధాంతము.

1909లో అమెరికాలోని రెడింగు పట్టణంలో ఒక రైల్వే కార్మికుని ఇంట పుట్టిన పెప్లౌ 1931లో నర్సు శిక్షణ ముగించింది. తరువాత చెస్ట్‌నట్ లాడ్జి వైద్యశాలలో ఆమెకు హ్యారీ స్టాక్ సలివాన్ భావాలతో పరిచయం కలిగింది. మనోవ్యాధి మూలాన్ని మనుష్యుల పరస్పర సంబంధాలలో వెదకాలన్నవాడు ఆయన.

పెప్లౌ ఆ దృష్టిని నర్సు పనికి అన్వయించింది. మొదట ఇద్దరూ పరాయివారే. కలిసి సమస్య ఏదో తెలుసుకొంటారు. రోగి తనకు సాయపడగల వ్యక్తిని గుర్తిస్తాడు. ఆ సాయాన్ని నిండుగా వినియోగించుకొంటాడు. చివరకు అవసరం తీరి విడిపోతాడు. నాలుగు దశలలోనూ ఈ కడపటిదే కష్టమేమో, రోగికీ నర్సుకూ కూడా!

ఈ విషయాలతో గ్రంథం 1948 నాటికే సిద్ధమైంది. కాని డాక్టరు సహరచయితగా లేకుండా నర్సు ఒక్కతే శాస్త్రగ్రంథం వ్రాయడమా? ఆనాటికి అది విపరీతంగా తోచింది. నాలుగేళ్ళ తరువాత, 1952లో, ఆ గ్రంథం ఆమె ఒక్కరి పేరుతోనే వెలువడింది. 1954 నుండి రెండు దశాబ్దాలు ఆమె రట్గర్స్ విశ్వవిద్యాలయంలో మానసిక నర్సింగు బోధించింది. ఆమె విద్యార్థినులు రోగులతో తాము జరిపిన సంభాషణలను మాట పొల్లుపోకుండా వ్రాసి తెచ్చి పరిశీలించుకొనేవారు.