పాత తలుపుమీది సీసం

గాండ్లపెంట అనే పేరు వినగానే గానుగ ఆడి నూనె తీసే గాండ్లవారు జ్ఞాపకానికి వస్తారు. కదిరి ప్రాంతంలోని ఇటువంటి ఊళ్ళలో పాత మిద్దె ఇండ్లను పరికించి చూస్తే రెండు విధాల రంగులు కనబడతవి. గోడలకు సున్నం, అరుగులకు ఎర్రమన్ను - ఇవి నీటితో కలిపి పూసేవి. తలుపులకు, ద్వారబంధాలకు, కిటికీ కమ్ములకు వేసేది నూనెరంగు. సున్నంతోను ఎర్రమన్నుతోను సీసపు భయం లేదు. పాత నూనెరంగులో మాత్రం సీసం ఉండవచ్చును. ఆ సీసం అక్కడికి ఎట్లా వచ్చినది? అది విషమని తెలిసిన తరువాత కూడా అంతకాలం ఎందుకు నిలిచినది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం తెలిస్తే, ఇప్పుడు మనం చేయవలసినదేమో కూడా తెలుస్తుంది.

సీసం మనకు కొత్త లోహం కాదు. సుమారు రెండువేల ఏండ్ల క్రిందట శాతవాహనరాజులు సీసంతో నాణేలు వేయించారు. అవి తెలుగుదేశంలో అనేక చోట్ల దొరికినవి. కడప సీమలోని జంగంరాజుపల్లె వద్ద, పల్నాడులోని అగ్నిగుండాల వద్ద సీసపు ఖనిజం ఉన్నది. సీసం 327 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరుగుతుంది, కట్టెలమంట చాలును. మెత్తగా ఉండి సులభంగా లొంగే ఈ లోహాన్ని ప్రాచీనులు ఇష్టపడటంలో వింత లేదు.

ఈ లోహంనుంచి రంగు తీయటం కూడా ప్రాచీన విద్యయే. క్రీస్తుపూర్వం నాలుగవ, మూడవ శతాబ్దాలలో జీవించిన థియోఫ్రాస్టస్ అనే గ్రీకు పండితుడు, సీసాన్ని పులిసిన ద్రాక్షరసపు ఆవిరిలో ఉంచి తెల్లని పొడి తీసే పద్ధతిని వర్ణించాడు. తరువాతి కాలంలో హాలెండువారు ఆ కుండలను పేడలో కప్పిపెట్టేవారు. పేడ మురిగినపుడు పుట్టే వెచ్చదనమూ, బొగ్గుపులుసు వాయువూ కలిసి సీసాన్ని కొన్ని వారాలలో తెల్లని కార్బనేటుగా మార్చేవి. ఇదే తెల్లసీసం. దీనిని అవిసెనూనెతో నూరితే కర్రను గట్టిగా పట్టుకొని, ఎండకు వానకు చాలాకాలం తట్టుకునే రంగు తయారయ్యేది. సీసాన్ని గాలిలో బాగా కాల్చగా వచ్చే ఎర్రని పొడియే సీససిందూరం. ఇనుముకు త్రుప్పు పట్టకుండా దానిని పూసేవారు. పందొమ్మిదవ శతాబ్దంలో సీసపు క్రోమేటు అనే నిగనిగలాడే పసుపురంగు వీటికి తోడైనది. నూనె త్వరగా ఆరటానికి కూడా సీసపు లవణాలను కలిపేవారు. కాబట్టి తెలుపు, ఎరుపు, పసుపు, పసుపు కలిసిన ఆకుపచ్చ - వేటిలోనైనా సీసం చేరే వీలున్నది.

ఇక విషం సంగతి. క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దంలోనే నికాండర్ అనే గ్రీకు వైద్యకవి తెల్లసీసం తిన్నవారి బాధలను వర్ణించాడు. 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జిని పనివారి రోగాలను గురించి గ్రంథం వ్రాస్తూ, చిత్రకారుల జబ్బులకు వారు వాడే సీసపు రంగులు కారణమన్నాడు. 1786లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక మిత్రునికి సీసపు కీడును గురించి జాబు వ్రాసి, ప్రయోజనకరమైన ఒక సత్యం బయటపడిన తరువాత ఆచరణలోకి రావటానికి ఎంతకాలం పడుతుందో గదా అని చింతించాడు. ఆ చింత ఎంత న్యాయమైనదో తరువాతి చరిత్ర చెబుతున్నది.

పందొమ్మిదవ శతాబ్దం చివర ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో పసిపిల్లలు కొందరు కడుపునొప్పితో, కాళ్ళు చేతులు పడిపోయి, చూపు మందగించి ఆసుపత్రులకు వచ్చేవారు. వైద్యులు ఇది సీసపు విషమేనని గుర్తించారు. కాని పిల్లలకు సీసం ఎక్కడిది? బ్రిస్బేను నగరపు నేత్రవైద్యుడు లాకార్ట్ గిబ్సన్ 1904లో దీనికి జవాబు చెప్పాడు. అక్కడి ఇండ్లు కర్రవి. వాటికి వసారాలు, వసారాలకు రంగువేసిన కమ్ములు. తీక్షణమైన ఎండకు ఆ రంగు పొడిగా రాలుతున్నది. పిల్లలు కమ్ములు పట్టుకొని ఆడి, ఆ వేళ్ళే నోట పెట్టుకొంటున్నారు. విషం తిండిలో లేదు, ఇంటిలోనే ఉన్నది! మన రాయలసీమ ఎండ ఎటువంటిదో తెలిసినవారికి ఈ ఉదాహరణ దూరదేశపు ముచ్చటగా తోచదు.

అయినా క్వీన్స్‌లాండులో పిల్లలకు అందే చోట్ల సీసపురంగును నిషేధించే చట్టం 1922లో గాని రాలేదు. అంతకు ముందు సంవత్సరం, 1921లో, జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇండ్ల లోపలి భాగాలకు తెల్లసీసం వాడరాదని ఒడంబడిక చేసినది. అమెరికా ఇండ్ల రంగులలో సీసాన్ని నిషేధించినది 1978లో. ఇంత ఆలస్యానికి కారణం లేకపోలేదు. రంగు మన్నికైనది, దాని లాభం కంటికి కనబడుతుంది. కీడు మెల్లగా వస్తుంది, కంటికి కనబడదు.

కనబడని ఆ కీడును కొలిచినవాడు హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే అమెరికా వైద్యుడు. ఆయన బడిపిల్లల ఊడిన పాలపండ్లను సేకరించి వాటిలోని సీసాన్ని లెక్కించాడు. రెండువేలకు పైగా పిల్లల నడవడిని గురించి వారి ఉపాధ్యాయులనే అడిగాడు. ఏ జబ్బూ లేనట్లు కనిపించే పిల్లలలో కూడా, పంటిలో సీసం పెరిగినకొద్దీ ధ్యాస నిలవకపోవటం ఎక్కువైనది. సీసం హెచ్చుగా ఉన్నవారికి బుద్ధిపరీక్షలలో మార్కులు తగ్గినవి. 1979లో ఈ ఫలితాలు వెలువడినవి. మొద్దు అని, అల్లరివాడు అని మనం కోప్పడే పిల్లవాని వెనుక ఇటువంటి కారణం ఉండవచ్చునని ఉపాధ్యాయులు గ్రహించటం మంచిది.

శరీరం సీసాన్ని కాల్సియంవలె భ్రమించి ఎముకలలో దాచుకొంటుంది. అక్కడ అది దశాబ్దాలు నిలుస్తుంది. మ్రింగిన సీసంలో పెద్దలకంటే పసివారు నాలుగైదు రెట్లు ఎక్కువ ఇముడ్చుకొంటారు. ఆహారంలో ఇనుము, కాల్సియం చాలనివారిలో ఇది మరింత హెచ్చు. మన సీమ రాగిసంకటిలో కాల్సియం సమృద్ధిగా ఉన్నది. కాని అది విషానికి విరుగుడు కాదు, మంచి పోషణ మాత్రమే.

మన దేశంలో 1999లో బెంగుళూరులో సీసపు విషాన్ని గురించి అంతర్జాతీయ సదస్సు జరిగినది. 2000లో పెట్రోలునుంచి సీసాన్ని తొలగించారు. రంగుల విషయంలో కేంద్ర ప్రభుత్వం 2016 నవంబరు 1న నిబంధనలు ప్రకటించినది. ఏడాది తరువాత అవి అమలులోకి వచ్చినవి. వాటి ప్రకారం ఇండ్ల రంగులో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించి సీసం ఉండరాదు. కాని చట్టం కొత్త డబ్బాను కట్టడి చేయగలదే గాని, తాతలనాటి తలుపుమీది పొరలను తొలగించలేదు. ఆ పొరలను లేపేది మనమే. అదీ పండుగకు ఇల్లు బాగుచేసుకొనే ఉత్సాహంలో.

కాబట్టి కొన్ని జాగ్రత్తలు అవసరం. పాతరంగు పొక్కక, రాలక గట్టిగా ఉన్నచో దానిని గీకరాదు. పైన సీసంలేని కొత్తరంగు వేయటమే మేలు. తలుపు మూసి తెరిచేటప్పుడు రాసుకొనే చోట్లను కనిపెట్టి ఉండవలెను. గీకక తప్పదంటే పొడిగా ఉప్పుకాగితంతో రుద్దరాదు. నీటితో తడిపి, తడిగానే గీకవలెను. మంటతో కాల్చి ఊడదీయరాదు. పిల్లలను, గర్భిణులను పని ముగిసి శుభ్రపరిచేవరకు ఆ ఇంట ఉంచరాదు. క్రింద పట్టా పరచి, రాలినదానిని మూటకట్టి, పెరటిలోను దిబ్బలోను పడకుండా పంచాయతీవారి ద్వారా తొలగించవలెను. చీపురుతో ఊడ్చితే ధూళి లేస్తుంది, తడిగుడ్డతో తుడవవలెను. ముక్కుకు తువాలు కట్టుకొన్నంతమాత్రాన సన్నని ధూళి ఆగదు, తగిన ముఖకవచం కావలెను. రంగుపనివారు బట్టలు మార్చి, చేతులు కడుగుకొన్న తరువాతనే భోజనం చేయవలెను, బిడ్డలను ఎత్తుకోవలెను. పాతతలుపుల చెక్కను పొయ్యిలో పెట్టరాదు. ఆ పొగ, ఆ బూడిద రెండూ విషమే.

రంగులో సీసం ఉన్నదీ లేనిదీ చూపుతో తెలియదు, ప్రయోగశాలలో పరీక్షించవలెను. బిడ్డపై అనుమానముంటే రక్తపరీక్ష ఉన్నది. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు, ఆపైన సీసం కనిపిస్తే అది ఎక్కడనుంచి వస్తున్నదో వెదకి ఆపవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సూచించినది. హాని లేనంత సీసం అంటూ ఏదీ లేదని కూడా ఆ సంస్థ చెబుతున్నది.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని తమ బడి కిటికీ కమ్ములవద్దనే ప్రారంభించవచ్చును. రంగు రాలుతున్న చోటు ఏదో విద్యార్థులు దూరంనుండి గుర్తించి వ్రాసుకొంటే చాలు. గీకి చూడవలసిన పని లేదు. ఫ్రాంక్లిన్ విచారించిన ఆలస్యం మన ఊరిలోనైనా ఇక కొనసాగనక్కరలేదు.