రెండు లిపుల పాఠశాల

ఊరంతా తనవారే అయిన గృహస్థునకు బిడ్డ చేత అక్షరాలు ఎవరి వద్ద దిద్దించవలెనన్న చింత ఉండదు. ఏ అరుగు మీద కూర్చుండబెట్టినా బిడ్డ నేర్చేది తమ భాషయే, వినేది తమ కథలే. వేలమంది నడుమ పదిమందిగా బ్రతికే సమాజం మాట వేరు. ఆ సమాజానికి బడి యనగా విద్యాలయం మాత్రమే కాదు. మరుసటి తరంలో తాము ఉందుమా, ఉండమా అన్న ప్రశ్నకు సమాధానం. భారతదేశపు యూదులు స్థాపించుకొన్న చిన్న పాఠశాలల చరిత్ర ఈ దృష్టితో చదువదగినది. అందులోను బొంబాయిలో బెనె ఇజ్రాయేలీలు నెలకొల్పుకొన్న పాఠశాల కథ ప్రత్యేకమైనది.

బెనె ఇజ్రాయేలీలు కొంకణ తీరపు గ్రామాలవారు. మాతృభాష మరాఠీ, కులవృత్తి గానుగ. శనివారం నాడు గానుగ కట్టరు గనుక పొరుగువారు వారిని 'శనివార్ తేలీ' అని పిలిచినారు. శనివారపు తెలికులవారని దాని అర్థం. ఆ పేరు పెట్టినవారికి యూదు మతమంటే ఏమో తెలియదు. వారంలో ఒక దినం ఆగిపోయే గానుగ మాత్రం తెలుసు. వారి పండుగలకు సైతం మరాఠీ పేర్లే నిలిచినవి. సంవత్సరాది 'నవ్యాచా సణ్', కొత్తదాని పండుగ. తలుపులు మూసికొని ఉపవాసముండే ప్రాయశ్చిత్త దినం తలుపులు మూసే పండుగ. తక్కిన ప్రపంచపు యూదులు ఎరుగని ఈ పేర్లలో, వారు ఎన్ని తరాలుగా ఈ నేలకు చెందినవారో తెలియుచున్నది.

యూదు ధర్మంలో బిడ్డకు చదువు చెప్పించుట తండ్రి విధి. క్రీస్తు శకం మొదటి శతాబ్దిలో జాషువా బెన్ గమ్లా అనే ప్రధాన యాజకుడు, తండ్రి లేని బిడ్డ చదువు లేనివాడు కాకుండునట్లు, ఊరూర ఉపాధ్యాయులను నియమించి, ఆరేడేండ్ల వయస్సు నుండి పిల్లలను బడికి పంపవలెనని కట్టడ చేసినాడని తల్మూదు చెప్పుచున్నది. ఒక ఉపాధ్యాయునికి ఇరువదియైదుగురు పిల్లలకు మించరాదని, ఏబదిమంది అయినచో ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెనని కూడ ఆ గ్రంథంలోనే ఉన్నది. అట్టి సంప్రదాయానికి వారసులైన కొంకణపు గానుగవారి ఇండ్లలో హీబ్రూ గ్రంథమే లేదు. మిగిలినది జ్ఞాపకం. దేవుడొక్కడేనని చాటే 'షెమా' ప్రార్థనను జననానికి, వివాహానికి, మరణానికి దానినే చెప్పుకొన్నారు. సున్నతిని, ఆహార నియమాలను, శనివారపు విశ్రాంతిని విడువలేదు. అక్షరం పోయినను ఆచారం నిలిచినది.

పదునెనిమిదవ శతాబ్దిలో వారు ఉద్యోగాలకై, సైన్యంలో కొలువులకై బొంబాయి చేరసాగినారు. 1796లో శామ్యూల్ ఎజికీల్ దివేకర్ అక్కడ వారి తొలి ప్రార్థనా మందిరాన్ని కట్టించినాడు. మందిరం లేచినది గాని అందులో గ్రంథం చదువగలవారు కావలెను. కొచ్చి యూదులలో విద్వాంసులు కొందరు వచ్చి ఆ లోటును కొంత తీర్చినారు. అక్షరం మాత్రం ఎక్కువగా మరొక చేతి నుండి వచ్చినది. 1813లో బొంబాయి చేరిన అమెరికన్ మిషనరీల బడులలో యూదు బాలలు చేరినారు. యూదులే కొందరు అక్కడ ఉపాధ్యాయులైనారు. స్కాట్లండు నుండి వచ్చిన జాన్ విల్సన్ 1832లో మరాఠీలో హీబ్రూ వ్యాకరణం ప్రకటించినాడు. తమ పూర్వుల భాషను తమ మాతృభాష ద్వారా నేర్చుకొనే సాధనం వారికి క్రైస్తవ బోధకుని వలన లభించినది.

ఇది చిత్రమైన ఋణం. ఇచ్చినవారి ఉద్దేశం పుచ్చుకొన్నవారిని తమలో కలుపుకొనుట. పుచ్చుకొన్నవారు గ్రంథాన్ని తీసికొని, చదివి, మరింత దృఢంగా యూదులైనారు. మతం మారినవారు చాల కొద్దిమంది. కాని పెద్దవాడు ఎంచి తీసికొనగలడు. ఆరేండ్ల పిల్లవాడు ఎంచలేడు. అతనికి అక్షరం చెప్పినవారి మాటయే వేదం. పైగా ఆ బడులకు సెలవు ఆదివారం. శనివారం గానుగ ఆపినందువలననే ఇన్నాళ్లు గుర్తింపబడినవారి బిడ్డ, శనివారం నాడు పలక పట్టుకొని బడికి పోవలసివచ్చెను. చదువు కావలెనన్నచో ఆచారం వదలవలెను, ఆచారం కావలెనన్నచో చదువు వదలవలెను. ఈ చిక్కును తీర్చుటకు తమ బడి తమకు ఉండుట తప్ప మార్గం లేకపోయినది.

ఆ బడిని 1875లో నెలకొల్పినవాడు హాయీమ్ శామ్యూల్ కెహీమ్‌కర్. ఇంటిపేరు కొంకణపు గ్రామం పేరు. తీరపు పల్లెను పేరులో మోసికొని వచ్చిన నగరవాసి అతడు. 1853 నాటికే విద్యావ్యాప్తికై ఒక సంఘాన్ని స్థాపించినవారిలో ఒకడు. లండనులోని ఆంగ్లో-జ్యూయిష్ అసోసియేషన్ ఈ పాఠశాలకు ఆర్థికంగా తోడ్పడినది. ఇజ్రాయేలీ పాఠశాలయని పేరుపడిన ఆ చోట మరాఠీ, ఇంగ్లీషు, హీబ్రూ మూడును నేర్పినారు. తన జాతి చరిత్రను కూడ కెహీమ్‌కర్ 1897లో వ్రాసి ముగించినాడు. అది అచ్చయినది 1937లో, అతని మరణానంతరం, టెల్ అవీవ్‌లో. అతని గ్రంథం నలువది యేండ్లు వేచి ఉండవలసివచ్చినది. బడి మాత్రం వేచి ఉండలేదు.

అట్టి బడిలో కూర్చున్న పిల్లవాని కష్టం ఊహింపదగినది. మరాఠీ ఎడమ నుండి కుడికి నడుచును. హీబ్రూ కుడి నుండి ఎడమకు. ఒక పుస్తకం ముగిసే అట్ట వద్ద రెండవది మొదలగును. హీబ్రూ అక్షరాలు ఇరువదిరెండు, అన్నియు హల్లులే. పిల్లల పుస్తకాలలో అచ్చులను చుక్కలుగా, గీతలుగా చూపుదురు. మందిరంలో చదివే తోలు చుట్టలో ఆ చుక్కలు ఉండవు. ఆ చదువు గురుముఖతః రావలసినదే, నోటికి రావలసినదే. అక్షరం లేని కాలంలో షెమాను కాపాడిన జ్ఞాపకశక్తికి ఇక్కడ తిరిగి పని కలిగినది. ప్రార్థనల అర్థం తెలియుటకు మరాఠీ అనువాదాలు కావలసివచ్చినవి; ఉపాధ్యాయుడు, హీబ్రూ పండితుడు అయిన జోసెఫ్ ఎజికీల్ రాజ్‌పూర్‌కర్ వాటిని సమకూర్చినాడు.

తండ్రి కుమారునికి నేర్పవలెనన్న పాత విధిలో కుమార్తె మాట స్పష్టంగా లేదు. బొంబాయి పాఠశాల చరిత్ర ఆ లోటును తనదైన రీతిలో పూరించినది. 1905లో బొంబాయి విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షలో ప్రథమురాలిగా నిలిచిన రెబెకా రూబెన్ 1922 నుండి 1950 వరకు ఈ పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా ఉన్నారు. ఆమె వ్రాసిన ఆంగ్ల వాచకాలను యూదేతరుల పిల్లలు కూడ చదివినారు. చిన్న సమాజం తన బిడ్డలకై పెంచుకొన్న ఉపాధ్యాయిని పొరుగు బిడ్డలకును ఉపాధ్యాయిని అయినది. బాగ్దాదులో పుట్టి షాంఘైలో స్థిరపడిన దాత ఎల్లీ కదూరీ విరాళం వలన పాఠశాలకు తరువాత ఆయన పేరు వచ్చినది.

కలకత్తాలోను ఇదే ప్రశ్న తలయెత్తినది. అక్కడి యూదులు బాగ్దాదు నుండి వచ్చిన వర్తకులు. ఇంటి భాష అరబ్బీ. మిషనరీ బడుల ప్రభావం నుండి తమ ఆడపిల్లలను కాపాడుకొనుటకు 1881లో యూదు బాలికల పాఠశాలను స్థాపించినారు. మరుసటి సంవత్సరం బాలుర పాఠశాల వచ్చినది. కొంకణపువారు మాతృభాషను బడిలో నిలుపుకొన్నారు. బాగ్దాదీయులు క్రమంగా ఇంగ్లీషు వైపు మరలినారు. భయం ఒక్కటే, దారులు రెండు.

1948లో ఇజ్రాయేలు రాజ్యం ఏర్పడిన పిమ్మట బెంచీలు ఖాళీ కాసాగినవి. 1951 జనగణన నాటికి దేశంలో యూదులు సుమారు 26 వేలు. నేడు ఐదు వేలకు మించరు. వారిని ఎవరును తరుమలేదు. ఈ దేశంలో యూదులు పొరుగువారి చేత హింసింపబడినవారు కారు. బడిలో చదువుకొన్న ప్రార్థనలో ఏ నగరం పేరు ఏటేటా ఉచ్చరించినారో, ఆ నగరానికి దారి తెరచుకొన్నది. పాఠశాల తన పనిని ఎంత చక్కగా చేసినదో, తన విద్యార్థులను అంత దూరం పంపివేసినది.

అయినను తలుపులు మూతపడలేదు. బొంబాయి మజ్‌గావ్‌లోని కదూరీ పాఠశాలలో, కలకత్తా పార్క్ స్ట్రీటులోని బాలికల పాఠశాలలో నేడు చదివేవారు ఇతర మతాల పిల్లలు. కలకత్తా బడిలో అత్యధికులు ముస్లిం బాలికలు. పరాయి బడిలో బిడ్డ తనది మరచిపోవునన్న భయంతో పుట్టిన బడులివి. నేడు పొరుగువారి బిడ్డలు వీటిలో అక్షరాలు దిద్దుకొనుచున్నారు. ఇంటికి వెళ్లి తమ ప్రార్థనలు తాము చేసికొనుచున్నారు. అక్షరం చెప్పి బిడ్డను తనవానిగా చేసికొనక, తల్లిదండ్రుల వానిగానే తిరిగి పంపగల బడి ఒకటి ఉండవలెనని 1875లో కెహీమ్‌కర్ కోరినాడు. తన జాతి బిడ్డలకై అతడు కోరినది ఇప్పుడు ఇతరుల బిడ్డలకు దక్కుచున్నది.