తెగిన కండరపు పోగు

విశాఖ రేవు 1933లో తెరవబడిన నాటి నుండి కూలీల భుజముల మీదుగా సాగిన సరకునకు లెక్కలేదు. బరువు మోసిన కండరములో సన్నని పోగులు అక్కడక్కడ చిట్లును. కొద్ది దినములలో శరీరమే వానిని బాగుచేసికొనును. మరి యే బరువును మోయని పసివాని కండరము చివికిపోవుట యేల?

మూడు నాలుగేండ్ల బాలుడు తరచు పడిపోవును. చేతులు తొడలపై ఆనించి, తన దేహమును తానే ఎక్కినట్లు లేచును. పిక్కలు మాత్రము బలిసి కనిపించును. కండరక్షీణతలలో ముఖ్యమైన యీ వ్యాధికి ఫ్రెంచి వైద్యుడు డ్యుషేన్ పేరు నిలిచినది. కాని ఆయనకు ముందే, 1851లో, లండను వైద్యుడు ఎడ్వర్డ్ మెరియన్ మరణించిన బాలుని కండరమును సూక్ష్మదర్శినిలో చూచి, పోగును కప్పియుండు పొర చినిగి నశించినదని చెప్పెను. వెన్నుపాము చెడలేదు, దోషము కండరముదే. ఆ మాట చిరకాలము మరుగున పడెను.

ఈ చరిత్రలో ఒక తెలుగువాని కృషియు కలిసినది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, బోస్టనులోని హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్క్‌తో కలిసి, 1927లో కండరములోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొనిరి. అది కండరమునకు తక్షణశక్తి నిచ్చు నిల్వ. దానిని వాడుకలోనికి తెచ్చు ఎంజైము క్రియాటిన్ కైనేజ్. రోగుల రక్తములో ఈ ఎంజైము మిక్కుటముగా నుండునని 1959లో జపానులో ఎబాషి బృందము చూపెను. ఇంటిలోని ధాన్యము వీధిలో కనబడినదనిన గోడకు కన్నము పడినట్లే గదా!

ఆ కన్నమునకు కారణము 1987లో, అదే బోస్టనులో, హాఫ్‌మన్, కుంకెల్ బృందమునకు దొరికెను. అది డిస్ట్రోఫిన్ అను ప్రోటీను లోపము. ఓడను రేవుగోడకు పట్టియుంచు మోకు వలె, ఆ ప్రోటీను పోగులోని నారలను పైపొరకు బిగించియుంచును. అది లేని బాలునిలో కదలిక కదలికకు పొర చిట్లును. కాల్షియము చొరబడి పోగును చంపును. బాగుచేయు కణములు డస్సిపోగా, ఆ చోట కొవ్వు, పీచుకణజాలము నిండును. పిక్కలు బలిసినట్లు తోచుట ముఖ్యముగా అందువలననే. మెరియన్ 136 ఏండ్ల ముందు చూచినది సత్యమే.

ఈ లోపము ఎక్స్ క్రోమోజోముపై నుండుటచే తల్లులు నిందల పాలగుచున్నారు. ఇది అన్యాయము. దాదాపు మూడింట ఒకవంతు బాలురలో అది కొత్తగా పుట్టినదే. తల్లికి వారసత్వముగా వచ్చియున్నను, అది ఆమె చేసిన తప్పు కాదు. పూర్తిగా మాన్పు మందు నేటికిని లేదు. కాని స్టెరాయిడ్లు, తగిన వ్యాయామము నడకను కొన్నేండ్లు నిలుపగలవు. పరుగెత్తలేని బిడ్డను సోమరియని గద్దింపక, ముందుగా రక్తపరీక్ష చేయించుట మేలు.