అందరి సొత్తైన ఎక్స్ఛేంజి

టెలిఫోను తీగ రెండు ఇండ్లను మాత్రమే కలుపును. ఎక్స్ఛేంజి ఊరినంతయు కలుపును. కావున ఎక్స్ఛేంజి ఎవరి వశమున నుండునో, సంభాషణల తాళపుచెవియు వారి వశముననే యుండును. ఆ తాళపుచెవి చేతులు మారిన వృత్తాంతమును నేడు మనము స్మరింతము.

అమెరికాలోని కాన్సస్ నగరమున ఆల్మన్ స్ట్రౌజర్ అంత్యక్రియల వ్యాపారము చేయుచుండెడివాడు. తనకు రావలసిన పిలుపులను ఎక్స్ఛేంజి ఉద్యోగిని పోటీదారునకు కలుపుచున్నదని అతడు అనుమానించినట్లు చెప్పుదురు. మనిషి తోడ్పాటు లేకయే పిలుపులు కలుపు యంత్రమునకు అతడు 1891లో పేటెంటు పొందెను. 1892లో ఇండియానాలోని లా పోర్ట్ పట్టణమున అట్టి ఎక్స్ఛేంజి పనిచేయ నారంభించెను. మధ్యవర్తి తొలగెను గాని, యంత్రము కంపెనీల సొత్తుగనే నిలిచెను. ఆఫీసులలో లోపలి టెలిఫోనులను కలుపుటకు పిదప వచ్చిన చిన్న ఎక్స్ఛేంజిలును మూతవేసిన పెట్టెలే. వెల మిక్కుటము, లోపలి మర్మము కొన్నవానికిని తెలియదు.

1999లో అలబామా రాష్ట్రమున ఆబర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థి మార్క్ స్పెన్సర్, లినక్సు వాడువారికి సహాయము చేయు చిన్న సంస్థను నెలకొల్పెను. లినక్సు అనునది 1991లో హెల్సింకీ నగరమున లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఆపరేటింగ్ సిస్టమ్. దాని సోర్సు కోడును, అనగా కంప్యూటరునకు మనిషి వ్రాసిన ఆజ్ఞల మూలప్రతిని, ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచిపెట్టవచ్చును. స్పెన్సర్ సంస్థకు టెలిఫోను ఎక్స్ఛేంజి కావలసివచ్చెను. కొనుటకు ధనము చాలలేదు. అతడు లినక్సుపై నడచు ఎక్స్ఛేంజిని తానే వ్రాసికొని, దానికి ‘ఆస్టరిస్క్’ అని పేరిడి, లోకమునకు ఉచితముగా విడిచెను. ఆస్టరిస్క్ అనగా నక్షత్రపు గుర్తు; కంప్యూటరు ఆజ్ఞలలో దానికి ‘ఏదైనను’ అని యర్థము.

అదే కాలమున జిమ్ డిక్సన్ అను ఇంజనీరు, టెలిఫోను లైనుల పనికి ప్రత్యేకమైన ఖరీదైన చిప్పులు అక్కరలేదనియు, సాధారణ కంప్యూటరు ప్రాసెసరే చాలుననియు తలచెను. లైనులను కంప్యూటరునకు తగిలించు కార్డును నిర్మించి, దాని నమూనాను అందరకు వెల్లడించెను. ఈ రెండు కృషులును కలసి సామాన్యపు కంప్యూటరును ఎక్స్ఛేంజిగా మార్చెను. ఆస్టరిస్క్ 1.0 సంచిక 2004లో వెలువడెను.

ఇంటర్నెట్టు మీద మాట ఎట్లు సాగును? సాధారణ పద్ధతిలో, సెకనుకు 8000 మారులు స్వరమును కొలిచి, ఆ కొలతలను అంకెలుగా మార్చుదురు. సెకనులో 50వ వంతు మాటను ఒక్కొక్క పొట్లముగా కట్టి పంపుదురు. పొట్లమునకు 160 బైట్ల స్వరము. పొట్లములు వెనుకముందుగా వచ్చిన, అవతలి యంత్రము కొంచెము నిలిపి, వరుస సరిచేసి వినిపించును. ఎవరు ఎవరిని పిలుచుచున్నారో, గంట ఎచ్చట మ్రోగవలెనో తెలుపుటకు 1999లో ప్రమాణముగా వెలువడిన ‘సిప్’ అను నియమావళి కలదు. ఏ నంబరునకు ఏ టెలిఫోను మ్రోగవలెనో యజమానియే ఒక ఫైలులో అక్షరములతో వ్రాసికొనును.

అయితే స్వాతంత్ర్యముతోపాటు బాధ్యతయు వచ్చును. పాత టెలిఫోను ఎక్స్ఛేంజి బ్యాటరీలనుండియే విద్యుత్తు గైకొనెడిది గనుక, ఇంట దీపము లారినను అది పలికెడిది. ఈ కొత్త యంత్రము విద్యుత్తు గాని, ఇంటర్నెట్టు గాని లేనిచో మూగవోవును. పాస్‌వర్డు బలహీనమైనచో దొంగలు చొరబడి విదేశములకు పిలుపులు చేసి, బిల్లును యజమాని నెత్తిన వేయుదురు. గూఢలిపి నమర్చుకొననిచో దారిలో నున్నవారు మాటలు వినగలరు. తాళపుచెవి మన చేతికి వచ్చినపుడు కావలియు మన వంతే.

స్పెన్సర్ సంస్థ పిదప డిజియం అను పేర వర్ధిల్లి, 2018లో కెనడాకు చెందిన సంగోమా వశమయ్యెను. సంస్థ చేతులు మారినను, అప్పటికే లోకమునకు విడిచిన ఆస్టరిస్క్ మూలప్రతిని ఎవరును వెనుకకు తీసికొనజాలరు. దాని లైసెన్సు అట్టిది. ధనము చాలక ఒక యువకుడు చేసికొన్న పనిముట్టు అందరి సొత్తుగా నిలిచినది. దానిని దాచుకొనక పంచుటయే అందులకు కారణము.