సంగిడి రాయి, ఇనుప కడ్డీ

కోడి రామమూర్తి నాయుడు పేరు ఎత్తగానే మా ఉత్తరాంధ్రలో ఎవరైనా మొదట చెప్పేది ఏనుగు సంగతే. ఛాతీమీద ఏనుగును నిలుపుకున్నారని, ఒంటికి చుట్టిన ఉక్కు గొలుసును ఊపిరి బిగించి తెంచారని, కదలబోయే మోటారుకార్లను పట్టి ఆపారని చెప్పుకుంటారు. కలియుగ భీముడన్న బిరుదు వీటివల్లనే వచ్చింది. విశాఖ సముద్రతీరంలో విగ్రహం, శ్రీకాకుళంలో ఆయన పేరిట స్టేడియం ఉన్నాయి. నాకు మాత్రం ఆయన జీవితంలో సర్కసుకు ముందరి ఘట్టమే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

ఆయన పుట్టినది వీరఘట్టంలో. ఆ ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. పెరిగినదీ, వ్యాయామశాలలో దేహాన్ని తీర్చుకున్నదీ విజయనగరంలో. తరువాత మద్రాసు వెళ్ళి సైదాపేట కళాశాలలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, తాను చదివిన విజయనగరం పాఠశాలకే డ్రిల్లు మాస్టారుగా తిరిగి వచ్చారు. మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల 1920లో గాని వెలయలేదు. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, సహజంగా అంత బలం ఉన్న మనిషి, బలాన్ని ఇతరులకు నేర్పడం వేరే విద్య అని గ్రహించి దానికోసం బడికి వెళ్ళాడన్నమాట! (విజయనగరం, క్రీడలు అనగానే బయటివారికి 1936లో ఇంగ్లండులో భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన 'విజ్జీ' మహారాజకుమారుడు గుర్తుకొస్తాడు. మాకు గుర్తుండవలసినది ఈ మాస్టారే అని నా అభిప్రాయం.)

ఆ తేడా అర్థం కావాలంటే సంగిడి రాయిని చూడాలి. సంక్రాంతికీ గ్రామదేవత పండుగలకూ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంగిడీలు ఎత్తే పోటీలు పెడతారు. దండీలు, బస్కీలు తీసి కండలు పెంచిన కుర్రాళ్ళు ఊరంతా చూస్తుండగా రాతిని నేలనుంచి లేపుతారు. చూడముచ్చటైన ఆటే, కాదనను. కాని రాతికి మధ్య మెట్లు లేవు. ఈ రాయి ఎత్తినవాడు తరువాత ఎత్తవలసినది ఊళ్ళో ఉన్న మరో రాయి. అది దీనికన్నా ఎంత బరువో రాతిని చెక్కినవాడి ఇష్టం. పైగా నలుగురిలో పరువు. వెన్ను వంచి, బరువును ఒంటికి దూరంగా పట్టి, నడుం బిగువుతో లాగినవాడి నొప్పి పండుగతో పోదు.

ఇనుప కడ్డీ చేసిన మేలు ఇక్కడే ఉంది. దానికి బిళ్ళలు తగిలిస్తూ బరువును కొద్దికొద్దిగా పెంచవచ్చు. నిలవని బరువును వదిలేసి పక్కకు తప్పుకోవడం కూడా నేర్పుతారు. ఒంటి బరువును బట్టి తరగతులు విడదీశారు గనుక సన్ననివాళ్ళు స్థూలకాయులతో తలపడనక్కరలేదు. ఆడపిల్లలు ఈ క్రీడలోకి రాగలగడానికి ఇదే పునాది. మహిళలకు ప్రపంచ పోటీలు 1987లోను, ఒలింపిక్ ప్రవేశం 2000లోను వచ్చాయి.

ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న గారు ఆ కడ్డీతోనే ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చారు. బక్కపలుచగా ఉందని మొదట ఆయన వద్దన్న పిల్ల కరణం మల్లీశ్వరి. ఆమె 1994, 1995లలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయింది. సిడ్నీ నాటికి 69 కిలోల తరగతికి చేరింది. 2000 సెప్టెంబరు 19న స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే.

పతకం కన్నా చివరి యత్నం దగ్గరే నా మనసు ఆగుతుంది. చైనా, హంగేరీ క్రీడాకారిణులు చెరి 242.5 కిలోలతో ముందున్నారు. అప్పటి నియమం ప్రకారం బరువు రెండున్నర కిలోల చొప్పున పెరిగేది. 132.5 ఎత్తితే వారితో సమానం, 135 ఎత్తితే ఒంటరిగా ముందంజ. కడ్డీ మీద పెట్టించినది 137.5, ఒక్కసారిగా ఏడున్నర కిలోల పెంపు! అది నిలవలేదు. ఏళ్ళ తరబడి మెట్టు మెట్టుగా నడిచిన సాధన, ఆ కొద్ది నిమిషాల్లో మళ్ళీ సంగిడి రాతి లెక్కకు పోయిందనిపిస్తుంది.

మెట్లు తప్పించడానికి మరో దారీ ఉంది, మందులు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మహిళల 53 కిలోల తరగతిలో నైజీరియాకు చెందిన పదహారేళ్ళ అమ్మాయి 196 కిలోలతో స్వర్ణం గెలిచింది. పరీక్షలో మూత్రవర్ధక మందులు బయటపడ్డాయి. ఒంట్లోని నీటిని వెళ్ళగొట్టి బరువు తగ్గించడానికీ, వేరే మందుల జాడ కప్పిపుచ్చడానికీ వాడతారని వీటిని నిషేధించారు. నీరు, లవణాలు తప్పిన ఒంటితో అంత బరువెత్తడం గుండెకే ముప్పు. పతకం వెనక్కి తీసుకున్నారు. అంతవరకూ కాంస్యంతో ఉన్న మత్స సంతోషికి రజతం దక్కింది. ఆమెది విజయనగరం జిల్లా కొండవెలగాడ, నెల్లిమర్ల దగ్గరి పల్లె. అక్కడ బరువులెత్తడం ఆమె ఒక్కతెతో మొదలైనదీ కాదు, ఆమెతో ఆగినదీ కాదు. ఆ రోజు ఆమె ఎత్తినది మొత్తం 188 కిలోలు.