విజిల్‌బ్లోయర్ల రక్షణ చట్టం, 2014

ప్రభుత్వ శాఖల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో జరిగే అవినీతిని, అధికార దుర్వినియోగాన్ని బయటపెట్టినవారిని కక్షసాధింపు నుంచి కాపాడేందుకు భారత పార్లమెంటు చేసిన చట్టం. దీనికి నేపథ్యం ఒక హత్య. జాతీయ రహదారుల సంస్థ ఇంజనీరు సత్యేంద్ర దూబే స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లోని అక్రమాలపై ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాశారు. పేరు గోప్యంగా ఉంచమని కోరినా అది బయటికి పొక్కింది. 2003 నవంబరు 27న గయలో ఆయనను కాల్చి చంపారు. అది దోపిడీ దొంగల పనేనని సీబీఐ తేల్చింది గానీ, దేశంలో రేగిన ఆవేదన చల్లారలేదు. 2004లో కేంద్రం ఒక తీర్మానం ద్వారా ఇలాంటి ఫిర్యాదుల బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది.

చట్టానికి రాష్ట్రపతి ఆమోదం 2014 మే 9న లభించింది. ఉద్యోగుల దృష్టిలో దీని ఆయువుపట్టు 11వ సెక్షన్. ఫిర్యాదు చేసినందుకే వేధించారన్న ఆరోపణ వస్తే, అది కక్షసాధింపు కాదని నిరూపించాల్సిన భారం సంస్థదే. బాధితుణ్ణి పూర్వస్థితిలో నిలపాలని ఫిర్యాదును విచారించే అధికార సంస్థ ఆదేశించవచ్చు. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టినవారికి 3 ఏళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా. అయితే ఆకాశరామన్న ఉత్తరాలు చెల్లవు; 7 ఏళ్లు దాటిన సంగతులపై విచారణ ఉండదు.

ప్రైవేటు సంస్థల్లో జరిగే అక్రమాలు దీని పరిధిలోకి రావు. కంపెనీల చట్టం, 2013లోని 177వ సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీలు ఫిర్యాదుల యంత్రాంగం పెట్టాలి. ఉద్యోగం తిరిగి ఇప్పించే స్పష్టమైన ఏర్పాటు మాత్రం అందులో లేదు. అన్నిటికంటే పెద్ద లోపం వేరే ఉంది: 2014 నాటి చట్టాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్‌ను కేంద్రం ఏళ్లు గడిచినా జారీ చేయలేదు.