పేరు చెప్పని పాట

మా అమ్మమ్మది కలిగిరి. మామయ్య కువైట్ నుంచి తెచ్చిన టేపురికార్డరు ముందు వీధిలోని ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టి ఆవిడ పాడించిన పెళ్ళిపాటలూ, లాలిపాటలూ, మంగళహారతులూ కలిపి 23 క్యాసెట్లు. అవి బూజు పట్టకముందే మా అబ్బాయి కంప్యూటరులోకెక్కించి క్లౌడులో దాచాడు. క్లౌడంటే మేఘం కాదు లెండి. ఎక్కడో పెద్ద గిడ్డంగిలాంటి భవనంలో వరసగా పేర్చిన కంప్యూటర్లు. మన ట్రంకుపెట్టెలో సామాను అద్దె ఇచ్చి పరాయివాళ్ళ బీరువాలో పెట్టుకోవడమన్నమాట.

దాచడం దాచాం, సరే. మొన్న మా తమ్ముడి పాప బారసాలకి ఒక్క లాలిపాట కావలసివచ్చింది. చూద్దును గదా, 46 ఫైళ్ళూ ఆడియో ఒకటి, ఆడియో రెండు అంటూ నంబర్లతో నిల్చున్నాయి! లాలి దొరికేలోపల రెండు అప్పగింతలు విని కళ్ళు తుడుచుకున్నాను.

అప్పుడు గౌహర్ జాన్ గుర్తొచ్చింది. 1902లో కలకత్తాలో గ్రామఫోనువాళ్ళు ఆవిడ పాటలు రికార్డు చేశారు. మూడు నిమిషాల పాట అయీ అవగానే ఇంగ్లీషులో తన పేరు చెప్పేసేదావిడ. ఎంత గర్వమో అనుకుంటాం. కానీ ఆ రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో, హానోవరులో. అక్కడి పనివాడికి మన రాగమూ తెలీదు, పాడిన మనిషీ తెలీదు. ఏ ప్లేటుకి ఏ చీటీ అంటించాలో ఆ ఒక్క పలుకే చెప్పాలి.

చిత్రమేమిటంటే, 1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన ఎంపీత్రీ పాటలకి చీటీ కట్టే పద్ధతి కనిపెట్టి, ఆ చీటీని పెట్టింది కూడా ఫైలు చిట్టచివరే! మొత్తం 128 బైట్లు. పాట పేరుకి 30, పాడినవారి పేరుకి 30. గౌహర్ జాన్ నోటితో చెప్పిందే ఇదీను.

"నువ్వు పేర్లు చెప్పమ్మా, నేను ఎక్కిస్తా" అన్నాడు మావాడు. నాకేం తెలుసు? అమ్మమ్మ లేదు, అమ్మా లేదు. పాటకి ముందు గొంతు సవరించుకున్నారు, "ఎవురన్నా తలుపెయ్యండమ్మే" అని కసిరారు, పేరు మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళకి పేర్లతో ఏం పని?

ఇక కలిగిరిలో మిగిలింది మా పిన్ని. రోజూ సాయంత్రం ఫోనులో ఒక్కో పాటా వినిపిస్తున్నాను. "ఈమె దక్షిణవీధి పెద్దమ్మ గదా అమ్మణ్ణీ, పైస్థాయికి పోలేక దగ్గుద్ది చూడు" అంటుంది. దగ్గుతోసహా రాసుకుంటున్నాను. నిన్న ఒక గొంతు విని, "ఎవురో ఏందో, బాగనే పాడింది" అంది. అది పిన్నిదే.

ఇంకా 17 ఉన్నాయి. పిన్నికి 74 ఏళ్ళు. ఆరున్నరయింది, ఫోను చెయ్యాలి.